సంత మైదానం నుంచి గోతుల దాకా: ఏషిష్కేస్, 1941 సెప్టెంబరు

హిట్లర్ కాలపు యూదుల ఊచకోత అనగానే మనలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆష్విట్జ్ క్యాంపు. రైలు పట్టాలు, ముళ్లకంచె, గ్యాస్ ఛాంబర్లు. పాఠ్యపుస్తకాల్లో చదివినదీ, సినిమాల్లో చూసినదీ ఎక్కువగా అదే. కానీ హతులైన సుమారు 60 లక్షల మంది యూదుల్లో 15 నుంచి 20 లక్షల మంది ఆ క్యాంపుల మొహం చూడనేలేదు. వాళ్లు తమ ఊరి పొలిమేరలోనో, పక్కనున్న అడవిలోనో, శ్మశానం గోడ పక్కనో తవ్విన గోతుల దగ్గర తుపాకీ గుళ్లకు చనిపోయారు. చంపినవాళ్లు పది ఇరవై అడుగుల దూరంలో నిలబడి, వాళ్ల మొహాలు చూస్తూ కాల్చారు.

ఈ కాల్పుల్లో ప్రపంచానికి బాగా తెలిసినది కీవ్ శివార్లలోని బాబీ యార్. 1941 సెప్టెంబరు 29, 30 తేదీల్లో అక్కడ 33,771 మందిని చంపినట్టు జర్మన్లే లెక్క రాసుకున్నారు. అది పెద్ద నగరం కాబట్టి పేరు నిలిచింది. అదే నెలల్లో లిథువేనియా, లాత్వియా, బెలారస్, ఉక్రెయిన్‌లలో వందల చిన్న ఊళ్లలో ఇదే పని జరిగింది. ఒక్క లిథువేనియాలోనే 200కు పైగా సామూహిక హత్యా స్థలాలున్నాయి. వాటిలో ఒకటి ఏషిష్కేస్. యూదులు తమ యిడ్డిష్ భాషలో ఐషిషోక్ అనేవారు, పోలిష్ వాళ్లు ఎయ్‌షిష్కి అనేవారు. లిథువేనియా రాజధాని విల్నియస్‌కు దక్షిణంగా, ఇప్పటి బెలారస్ సరిహద్దు దగ్గరున్న చిన్న పట్టణం.

ఇలాంటి చోట్ల ఊచకోత ఎలా సాధ్యమైంది అనేది ఈ వ్యాసం ప్రశ్న. బెర్లిన్ ఆదేశాలు, నాజీ భావజాలం అనే జవాబులు నిజమే. అవి లేకపోతే ఇది జరిగేది కాదు. అయితే అవి మాత్రమే చాలవు. ఒక చిన్న ఊళ్లో వేలమందిని రెండు రోజుల్లో చంపాలంటే ఆ ఊరి ప్రార్థనా మందిరం కావాలి, సంత మైదానం కావాలి, దారులు తెలిసినవాళ్లు కావాలి, ఏ ఇంట్లో ఎవరుంటారో చెప్పగలవాళ్లు కావాలి. బయటి నుంచి వచ్చిన గుప్పెడు మంది జర్మన్ల దగ్గర అవేవీ లేవు. ఊరే వాటిని సమకూర్చింది.

ఊరు

రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఏషిష్కేస్ పోలండ్‌లో ఉండేది. 1939లో యుద్ధం మొదలయ్యాక ఆ ప్రాంతమంతా చేతులు మారింది. 1940 నాటికి లిథువేనియాతో పాటు సోవియట్ యూనియన్‌లో కలిసింది. యూదులు అక్కడ కొన్ని శతాబ్దాలుగా ఉన్నారు. తూర్పు ఐరోపాలో ఇలాంటి యూదు పట్టణాలను ష్టెట్ల్ అంటారు. మధ్యలో సంత జరిగే మైదానం, చుట్టూ దుకాణాలు, సినగాగ్ అనే యూదుల ప్రార్థనా మందిరం, దాని పక్కనే మత గ్రంథాలు చదువుకునే మందిరాలు. సంత రోజున చుట్టుపక్కల పోలిష్, లిథువేనియన్ రైతులు గుర్రాలూ ధాన్యమూ తెచ్చి అమ్ముకుని, యూదుల దుకాణాల్లో బట్టా పరికరమూ కొనుక్కుని వెళ్లేవారు. దర్జీ, చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, మందుల షాపు యజమాని ఎక్కువగా యూదులే. అంటే ఒకరి మొహం ఒకరికి తెలుసు. అప్పూ సొప్పూ, పరిచయాలూ ఉన్నాయి. మతాల మధ్య ఎడమూ, పాత ద్వేషాలూ కూడా ఉన్నాయి.

ఆ ఊళ్లో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ఇట్జక్ ఉరీ కట్జ్, ఆయన భార్య ఆల్టె కట్జ్ దాన్ని నడిపారు. పెళ్లిళ్లు, బడి పిల్లలు, సైకిల్ మీద కుర్రాళ్లు, విహారానికి వెళ్లిన స్నేహితురాళ్లు, ఒళ్లో పసిపాపతో అమ్మమ్మ. ఆ రోజుల్లో అమెరికాకో, పాలస్తీనాకో వలస వెళ్లిన బంధువులకు ఫోటోలు పంపడం అలవాటు. ఊళ్లో తీసిన ఫోటోలు అలా దేశదేశాలకు చేరాయి. ఊరిలో మిగిలినవి పోయినా, అలా వెళ్లినవి చాలా బతికాయి.

1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీద దండెత్తింది. నెలాఖరుకల్లా లిథువేనియా అంతా జర్మన్ల చేతిలో ఉంది. ఆ వెంటనే ఆంక్షలు వచ్చాయి. బట్టల మీద పసుపు గుర్తు పెట్టుకోవాలి, కాలిబాట మీద నడవకూడదు, విలువైన వస్తువులు అప్పగించాలి, పిలిచినప్పుడు వెట్టికి రావాలి. ఒక్కో ఆంక్షా యూదులను పొరుగువాళ్ల నుంచి ఇంకాస్త వేరు చేసింది. నిన్నటిదాకా ఫలానా దర్జీ, ఫలానా టీచరు అయినవాళ్లు గుర్తు పెట్టుకున్న ఒక గుంపుగా మారిపోయారు. చంపడానికి ముందు ఈ వేరుచేయడం జరగాలి. ఎక్కడ చూసినా వరుస ఇదే.

ముందే ఎందుకు పారిపోలేదు అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్నలో చనిపోయినవాళ్ల మీదే తప్పు మోపే ధోరణి ఉంది. అయినా దానికి జవాబులున్నాయి. 1915 నుంచి 1918 దాకా, మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మన్ సైన్యం ఇవే ప్రాంతాల్లో ఉంది. అప్పటి జర్మన్లు యూదులతో పెద్దగా క్రూరంగా ప్రవర్తించలేదని ముసలివాళ్లకు గుర్తుంది. ఊళ్లను మొత్తంగా తుడిచిపెట్టడం అనేది అప్పటిదాకా ఎవరూ ఎరగని విషయం. పసిపిల్లలతో, మంచాన పడ్డ తల్లిదండ్రులతో ఎక్కడికి వెళ్లాలి? ఎవరు తలుపు తీస్తారు? అటు తూర్పున యుద్ధం, ఇటు పడమట జర్మనీ. సెప్టెంబరు 10న దగ్గరలోని వరేనాలో 831 మందిని కాల్చేశారు. చుట్టుపక్కల ఊళ్లకు ఆ కబురు తెలిసేసరికి ఏషిష్కేస్‌లో మిగిలింది కొన్ని రోజులే.

ఆరు రోజులు

ఆ ఏడాది యూదుల కొత్త సంవత్సరం, రోష్ హషానా, సెప్టెంబరు 21 సాయంత్రం మొదలైంది. సరిగ్గా ఆ సాయంత్రానికే ఊళ్లోని యూదులందరినీ సినగాగ్‌లోకీ, పక్కనున్న మందిరాల్లోకీ చేర్చారు. పొరుగున ఉన్న వల్కినింకాయ్ నుంచి కూడా మనుషులను తోలుకొచ్చారు. పండగ రోజున అందరూ ఇళ్లలోనే ఉంటారు, ప్రార్థనకు ఒకచోట చేరతారు. నాజీ దళాలు యూదుల పండగలను ఏరి కోరి ఎంచుకోవడం చాలాచోట్ల కనిపిస్తుంది. వేల మంది, తిండీ నీళ్లూ సరిగా లేకుండా, ఊపిరాడని ఇరుకులో రోజుల తరబడి ఉన్నారు. ఆ తర్వాత వాళ్లను గుర్రాల సంత జరిగే మైదానానికి నడిపించారు.

సెప్టెంబరు 25న మగవాళ్ల వంతు. గెట్టోకు, అంటే యూదులను నిర్బంధించి ఉంచే పేటకు, తీసుకెళ్తున్నామని చెప్పి, జట్లు జట్లుగా పాత యూదు శ్మశానం వైపు నడిపించారు. అక్కడ గోతులు సిద్ధంగా ఉన్నాయి. బట్టలు విప్పించి, గోతి అంచున నిలబెట్టి కాల్చారు. ఆ మరునాడు ఆడవాళ్లనూ పిల్లలనూ క్రైస్తవుల శ్మశానం దగ్గరికి తీసుకెళ్లారు. ముందురోజు వెళ్లిన మగవాళ్లు తిరిగి రాలేదని, ఎక్కడి నుంచీ కబురు లేదని ఆ తల్లులకు తెలుసు. ఆ రాత్రి మైదానంలో వాళ్లు పిల్లలకు ఏం చెప్పి ఉంటారో మనం ఊహించగలం కానీ, చెప్పడానికి వాళ్లలో మిగిలినవాళ్లు దాదాపు లేరు.

మొదటి రోజు గోతిలోంచి ఒక కుర్రాడు బతికి బయటపడ్డాడు. తండ్రి పక్కనే నిలబడ్డ ఆ పిల్లాడు తూటాలు పేలడానికి రెప్పపాటు ముందు గోతిలో పడిపోయాడు. మీద శవాలు పడ్డాయి. చీకటి పడ్డాక వాటి కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చి, ఒంటి మీద బట్ట లేకుండా, రక్తంతో, దగ్గర్లోని ఇళ్ల తలుపులు తట్టాడు. వచ్చిన చోటికే పొమ్మని తరిమేశారు. చివరికి ఒక ముసలావిడ ఇంటి ముందు, తాను సిలువ దిగొచ్చిన ఏసుక్రీస్తునని అన్నాడు. ఆవిడ భయంతోనో భక్తితోనో లోపలికి రానిచ్చింది, ఒళ్లు కడిగి, తిండి పెట్టి పంపింది. యుద్ధం తర్వాత అతనే చెప్పిన సంగతి ఇది. ఆ తలుపులు తెరవనివాళ్లు అతన్ని ఎరుగుదురు. తుపాకీ పట్టినవాళ్ల గురించి మాట్లాడినంతగా ఈ మూసిన తలుపుల గురించి చరిత్ర మాట్లాడదు. కానీ బతకాలంటే అవి తెరుచుకోవడమే దారి.

లెక్కల పుస్తకం

ఈ హత్యల గురించి చంపినవాళ్లే రాసిపెట్టిన కాగితం ఒకటుంది. సైన్యం వెనకే వచ్చి యూదులనూ, కమ్యూనిస్టు నాయకులనూ చంపే పనికి జర్మనీ నాలుగు ప్రత్యేక దళాలను తయారుచేసింది. వాటిని ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ అంటారు. నాలుగింటిలో కలిపి ఉన్నది సుమారు 3,000 మందే. బాల్టిక్ సముద్రం నుంచి నల్ల సముద్రం దాకా ఉన్న నేలకు 3,000 మంది! లిథువేనియాలో ఎక్కువ భాగం చూసుకున్నది ఆ దళాల్లో ఒక విభాగం. దాని అధిపతి కార్ల్ యేగర్. 1941 డిసెంబరు 1న ఆయన పైవాళ్లకు ఒక నివేదిక పంపాడు. తేదీ, ఊరు, చంపినవాళ్ల సంఖ్య అంటూ వరుసలు. చివర మొత్తం 1,37,346.

అందులో ఏషిష్కేస్‌కు ఒక వరుస ఉంది. మగవాళ్లు 989, ఆడవాళ్లు 1,636, పిల్లలు 821. మొత్తం 3,446. తేదీ సెప్టెంబరు 27 అని వేశారు.

నివేదికను వరుసగా చదివితే ఒక మలుపు కనిపిస్తుంది. జులైలో చాలా ఊళ్ల దగ్గర ఉన్నది ఎక్కువగా మగవాళ్ల సంఖ్యలు. ఆగస్టు మధ్య నుంచి ఆడవాళ్లు, పిల్లల సంఖ్యలు పెద్దవవుతూ వస్తాయి. అక్టోబరు 29న కౌనస్‌లో చంపిన 9,200 మందిలో పిల్లలే 4,273. మగవాళ్లు 2,007. మొదట్లో చెప్పుకున్న సాకు వీళ్లు సోవియట్ మద్దతుదారులు, సైన్యానికి ప్రమాదం అని. పసిపిల్లలు ఏ సైన్యానికి ప్రమాదం? ఆగస్టు మధ్యకు వచ్చేసరికి సాకు కూడా అవసరం లేకుండా పోయింది. ఒక జాతిని వేళ్లతో సహా లేకుండా చేయడమే పని అయింది. ఈ విధానాన్ని ప్రభుత్వ శాఖలన్నిటితో సమన్వయం చేసిన వాన్‌సే సమావేశం 1942 జనవరి 20న జరిగింది. అప్పటికి ఏషిష్కేస్ ఖాళీ అయి నాలుగు నెలలు. లిథువేనియా చిన్న ఊళ్లలో యూదులు దాదాపు మిగల్లేదు. గ్యాస్ ఛాంబర్లు ఈ కాల్పుల తర్వాత వచ్చిన మార్గం. కాల్చేవాళ్ల మనసు మీద భారం పడుతోందని, పని నెమ్మదిగా సాగుతోందని అధికారులకు అనిపించడం అందుకు ఒక కారణం. చచ్చేవాళ్ల గురించి కాక చంపేవాళ్ల టెన్షన్ గురించి ఆలోచించారు.

యేగర్ ఆ నివేదికలో తన ఇబ్బందులను కూడా రాసుకున్నాడు. ప్రతి జిల్లాలో యూదులను ఒకచోటుకు చేర్చాలి. ఎంతమంది ఉన్నారో చూసి అందుకు తగ్గ గోతులకు స్థలం వెతకాలి, తవ్వించాలి. చేర్చిన చోటు నుంచి గోతులకు సగటున 4, 5 కిలోమీటర్ల నడక. 500 మంది చొప్పున జట్లు కట్టి, జట్టుకూ జట్టుకూ మధ్య కనీసం 2 కిలోమీటర్ల ఎడం పెట్టి తీసుకెళ్లాలి. రొకిష్కిస్ అనే ఊళ్లో 3,208 మందిని నాలుగున్నర కిలోమీటర్లు నడిపించాల్సి వచ్చిందని, ఒక్క రోజులో పని పూర్తికావడానికి అందుబాటులో ఉన్న 80 మంది లిథువేనియన్లలో 60కి పైగా కాపలాకే పోయారని ఉదాహరణ ఇచ్చాడు. ఈ వాక్యాల్లో ద్వేషపు మాటలు తక్కువ. దూరాలు, మనుషుల కొరత, టైమ్ ఇవే ఉన్నాయి. అసలు భయపెట్టేది అదే. మూడు వేల మంది ప్రాణాలు ఒక రవాణా సమస్యగా మారిపోయాయి.

ఈ ఊరూరి పని కోసం యేగర్ ఒక చిన్న సంచార దళాన్ని వేశాడు. నాయకుడు యోవాఖిమ్ హామన్ అనే అధికారి. ఆయనతో వెళ్లిన నమ్మకస్తులైన జర్మన్లు 8 నుంచి 10 మంది అని నివేదికే చెబుతోంది. మిగతా పనంతా లిథువేనియన్ సహాయకులది. ఊళ్లో మనుషులను పోగుచేయడం, గోతులు తవ్వించడం, దారి పొడవునా కాపలా కాయడం వాళ్ల వంతు. చాలాచోట్ల ట్రిగ్గర్ నొక్కింది కూడా వాళ్లే. ఏషిష్కేస్‌లో బతికినవాళ్లు కాల్చినవాళ్లుగా చెప్పింది లిథువేనియన్లనే.

ఎవరు, ఎందుకు

ఈ సహాయకులు ఆకాశంలోంచి ఊడిపడలేదు. స్థానిక పోలీసులు, సోవియట్లు వెళ్లిపోతుండగా తెల్ల పట్టీ చేతికి కట్టుకుని లేచిన సాయుధ యువకులు, పాత సైనికులు, విద్యార్థులు, కూలీలు. వాళ్లను ఏం నడిపించిందన్న దానికి పరిశోధకులు చెప్పే కారణాలు కొన్ని ఉన్నాయి, వాటన్నిటికీ ఒకే బరువు లేదు.

అందరికంటే ముందు చెప్పేది సోవియట్ పాలన గురించి. 1940లో సోవియట్లు లిథువేనియా స్వాతంత్ర్యాన్ని మింగేశారు. 1941 జూన్ మధ్యలో సుమారు 17,000 మందిని సైబీరియా వైపు తరలించారు. జనంలో కోపం, అవమానం పేరుకుపోయాయి. నాజీ ప్రచారం, స్థానిక జాతీయవాదుల ప్రచారం కలిసి ఆ కోపాన్ని యూదుల మీదికి మళ్లించాయి: యూదులంటే బోల్షివిక్కులు (సోవియట్ కమ్యూనిస్టులు), బోల్షివిక్కులంటే యూదులు. నిజానికి సైబీరియాకు తరలించినవాళ్లలో యూదులు కూడా ఉన్నారు, జనాభాలో వాళ్ల వాటాకు మించే ఉన్నారు. వాళ్ల దుకాణాలు, బడులు, సంఘాలు సోవియట్లు మూసేశారు. ఈ వాస్తవం ఆ ప్రచారానికి అడ్డు రాలేదు. సోవియట్ పాలన మీద కోపం ఎందుకొచ్చిందో అర్థం చేసుకోవచ్చు. ఆ కోపం ఎనిమిదేళ్ల పిల్లల మీద ఎందుకు తీరిందో అది చెప్పదు. సోవియట్లతో పనిచేసిన లిథువేనియన్లు కూడా ఉన్నారు. వాళ్ల కుటుంబాలను ఎవరూ గోతుల దగ్గరికి నడిపించలేదు. కాబట్టి ఇక్కడ మతద్వేషం, జాతిద్వేషం లేవని వాదించడం కుదరదు.

ఆస్తి గురించి తక్కువగా మాట్లాడతారు, మాట్లాడాల్సినదానికన్నా చాలా తక్కువ. ఒక ఊళ్లో సగం ఇళ్లు ఒక వారంలో ఖాళీ అయితే ఆ ఇళ్లు, పశువులు, కుట్టుమిషన్లు, దుప్పట్లు, బూట్లు ఏమయ్యాయి? బంగారం, డబ్బు జర్మన్లు పట్టుకెళ్లారు. మిగిలినదాంట్లో కాల్చినవాళ్లు వాటా తీసుకున్నారు, ఇంకా మిగిలింది ఊళ్లో పంచుకున్నారు, వేలం వేశారు. గోతి దగ్గర విప్పించిన బట్టలు సైతం వృథా పోలేదు. దీనివల్ల ఒక తుపాకీ కూడా పట్టనివాళ్లకు సైతం ఈ హత్యలో లాభం దక్కింది. యుద్ధం తర్వాత బతికి తిరిగొచ్చిన యూదులను చూసి ఊళ్లు ఎందుకు ముఖం తిప్పుకున్నాయో అర్థం కావాలంటే ఈ విషయం గుర్తుంచుకోవాలి. తిరిగొచ్చినవాడు ఇల్లు అడుగుతాడు.

ఇక బలవంతం. యుద్ధం తర్వాత కోర్టుల్లో దాదాపు ప్రతి నిందితుడూ చెప్పిన మాట, కాల్చకపోతే మమ్మల్నే కాల్చేవాళ్లు అని. దశాబ్దాల విచారణల్లో, నిరాయుధులైన పౌరులను కాల్చనన్నందుకు మరణశిక్ష పడిన జర్మన్ ఒక్కడిని కూడా ఏ డిఫెన్స్ లాయరూ చూపించలేకపోయాడు. దీన్ని ఇంకా స్పష్టంగా చూపించేది పోలండ్‌లోని యూజెఫూఫ్. 1942 జులై 13న హాంబర్గ్ నుంచి వచ్చిన రిజర్వు పోలీసు బెటాలియన్ 101 అక్కడ కనీసం 1,500 మంది ఆడవాళ్లను, పిల్లలను, ముసలివాళ్లను కాల్చింది. దాదాపు 500 మంది దళం, చాలామంది కుటుంబాలున్న మధ్యవయస్కులు. కమాండర్ విల్‌హెల్మ్ ట్రాప్ తెల్లవారుజామున వాళ్లను నిలబెట్టి, కళ్లనీళ్లతో, ఇది నాకూ ఇష్టం లేదని చెప్పాడు. మీలో పెద్దవాళ్లు ఎవరైనా చేయలేమనుకుంటే పక్కకు రావచ్చన్నాడు. అప్పుడు బయటికొచ్చింది డజను మంది. వాళ్లకు ఏ శిక్షా పడలేదు. తర్వాత పని మధ్యలో ఇంకొందరు తప్పుకున్నారు. మిగిలినవాళ్లలో అత్యధికులు రాత్రి దాకా కాల్చారు.

ఆ డజను మందిని చూసినప్పుడే మిగతావాళ్ల నేరం ఎంతటిదో తెలుస్తుంది. తోటివాళ్ల ముందు పిరికివాడినని అనిపించుకోవడం ఇష్టం లేక, తన వంతు వాళ్ల మీదకు నెట్టేశాడని అనుకుంటారని, పై అధికారి చూస్తున్నాడని, అందరూ చేస్తున్నారు కదా అని కాల్చారు. భావజాలం ఉన్నవాళ్లు ఉన్నారు, లేనివాళ్లూ ఉన్నారు. గోతి దగ్గర తేడా ఏమీ కనిపించలేదు. లిథువేనియాలో సహాయక దళాల్లో ఎక్కువమంది స్వచ్ఛందంగా చేరినవాళ్లే. ఉద్యోగం, యూనిఫాం, సారా, దోపిడీలో వాటా, దేశభక్తి పేరుతో ఒక గౌరవం. ఇన్నిటి ముందు ఎదుటివాడి ప్రాణం తేలికైపోయింది.

ఇంత చెప్పినా ప్రధాన బాధ్యత ఎక్కడుందో మసకబారకూడదు. ప్రణాళిక జర్మనీది, ఆదేశం జర్మనీది, ఆ సైన్యం రాకపోతే ఆ సెప్టెంబరులో ఏషిష్కేస్‌లో అందరూ పండగ చేసుకునేవారు. స్థానికుల పాత్రను చెప్పడం జర్మన్ల భారం తగ్గించడం కాదు. ఒకే శవం మీద ఇద్దరి వేలిముద్రలుంటే ఇద్దరూ దోషులే.

ఎదురు తిరగలేదన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు. యేగర్ నివేదికలోనే, అక్టోబరు 2న జాగరే అనే ఊళ్లో 2,236 మందిని చంపిన వరుస పక్కన, తీసుకెళ్తుండగా యూదులు తిరగబడ్డారని, 150 మందిని అక్కడికక్కడే కాల్చారని, ఏడుగురు సహాయకులు గాయపడ్డారని రాశారు. చేతిలో ఏమీ లేనివాళ్లు అంత చేయగలిగారు. ఏషిష్కేస్ నుంచి కొన్ని వందల మంది ముందో, ఆ గందరగోళంలోనో తప్పించుకున్నారు. చాలామంది సరిహద్దుకు అటువైపున్న రాదున్ గెట్టోకు చేరారు. 1942 మే 10న అక్కడా కాల్పులు జరిగాయి. మళ్లీ తప్పించుకున్నవాళ్లు అడవుల్లో, జర్మన్లతో పోరాడే పార్టిజాన్ గెరిల్లా దళాల్లో, రైతుల కొట్టాల కింద తవ్విన గుంటల్లో దాక్కున్నారు. ఆ ప్రాంతంలో కజిమిర్ కోర్కుట్స్ అనే పోలిష్ రైతు పట్టుబడితే ప్రాణాలు పోతాయని తెలిసీ పలువురికి ఆశ్రయమిచ్చాడు. యూదులను కాపాడినందుకు ఇజ్రాయెల్ స్మారక సంస్థ యాద్ వషెమ్ గుర్తించిన లిథువేనియన్లు 900కు పైగా ఉన్నారు. ఆ సంఖ్యను చిన్నదని తీసిపారేయడం అన్యాయం. అయితే లిథువేనియా యూదుల్లో 90 శాతానికి పైగా చనిపోయారన్న నిజం పక్కన పెట్టి దాన్ని చూపించడం కూడా అన్యాయమే.

తర్వాత

కార్ల్ యేగర్ యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీలో తన సొంత పేరుతోనే బతికాడు. 1959లో అరెస్టు చేశారు, విచారణ మొదలవకముందే జైల్లో ఉరేసుకున్నాడు. హామన్ 1945లోనే ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ నివేదిక ప్రతి సోవియట్ల చేతిలో ఉండిపోయి, 1963లో గానీ పశ్చిమ జర్మనీ దర్యాప్తు అధికారులకు చేరలేదు. ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ అధికారుల మీద నూరెంబర్గ్‌లో 1947, 48లో జరిగిన విచారణలో 14 మందికి మరణశిక్ష పడింది, అమలైంది నలుగురికే. ఊళ్లలో కాల్చినవాళ్లలో కొందరిని సోవియట్ కోర్టులు శిక్షించాయి. చాలామంది ఏ విచారణా ఎదుర్కోకుండా ముసలివాళ్లయి పోయారు.

సోవియట్ కాలంలో గోతుల దగ్గర పెట్టిన రాళ్ల మీద ఫాసిస్టుల చేతిలో చనిపోయిన సోవియట్ పౌరులు అని రాయించేవారు. వాళ్లను యూదులు కాబట్టే చంపారన్న మాట ఆ రాళ్ల మీద ఉండేది కాదు. చంపినవాళ్లు ప్రాణం తీశారు, ఈ రాతలు చావుకు కారణాన్ని తీసేశాయి. స్వతంత్ర లిథువేనియాలో ఇది మారింది. 1995లో అధ్యక్షుడు అల్గిర్దాస్ బ్రజౌస్కాస్ ఇజ్రాయెల్ పార్లమెంటులో నిలబడి, తన దేశస్థులు చేసిన హత్యలకు క్షమాపణ అడిగాడు. స్వదేశంలో ఆ మాటకు విమర్శలు కూడా వచ్చాయి. సోవియట్లను ఎదిరించి 1947లో ప్రాణాలర్పించిన యోనాస్ నొరెయ్‌కాను ఇప్పటికీ చాలామంది వీరుడిగా కొలుస్తారు. 1941 ఆగస్టులో షౌల్యాయ్ జిల్లా అధికారిగా అక్కడి యూదులను జాగరే గెట్టోకు తరలించమని సంతకం పెట్టింది ఆయనే. విల్నియస్‌లో ఆయన పేరిట ఉన్న ఫలకాన్ని 2019లో నగర పాలకులు తీసేస్తే, రెండు నెలలకే జాతీయవాదులు కొత్తది తెచ్చి పెట్టారు. ఒక మనిషి ఒక అన్యాయానికి బలై, ఇంకో అన్యాయంలో భాగస్వామి కావచ్చు. ఈ రెంటినీ కలిపి ఒప్పుకోవడం ఏ దేశానికైనా కష్టమే. అయినా ఒప్పుకోక తప్పదు.

ఏషిష్కేస్ ఫోటోలు బయటికొచ్చింది కట్జ్ దంపతుల మనవరాలు యాఫా ఎలియాక్ వల్ల. చిన్నపిల్లగా ఆ ఊచకోత నుంచి తప్పించుకుని, తర్వాత న్యూయార్క్‌లో చరిత్ర ప్రొఫెసరు అయ్యారు. ప్రపంచంలో ఎక్కడెక్కడో స్థిరపడిన ఊరివాళ్ల బంధువులను వెతికి పట్టుకుని, ఏళ్ల తరబడి సుమారు 6,000 ఫోటోలు సేకరించారు. వాటిలో వెయ్యికి పైగా వాషింగ్టన్‌లోని హోలోకాస్ట్ మ్యూజియంలో మూడంతస్తుల ఎత్తున గోడలకు అమర్చి ఉన్నాయి. ఆమె పట్టుదల ఒకటే: ఈ మనుషులు శవాల గుట్టగా మాత్రమే లోకానికి తెలియకూడదు, బతికినప్పుడు ఎలా ఉన్నారో తెలియాలి.

కాల్పుల్లో పోయినవాళ్ల విషయంలో ఇది మరీ అవసరం. పశ్చిమ ఐరోపా నుంచి రైళ్లలో తరలించినవాళ్ల పేర్లు జాబితాల్లో ఉన్నాయి. ఫ్రాన్స్, నెదర్లాండ్స్, జర్మనీ యూదుల్లో దాదాపు అందరి పేర్లూ దొరికాయి. ఊరి చివర కాల్చేసినవాళ్లకు ఏ జాబితా లేదు. చంపినవాళ్లు రాసుకున్నది సంఖ్యలు మాత్రమే. యాద్ వషెమ్ ఇప్పటిదాకా సుమారు 50 లక్షల పేర్లు సేకరించింది. ఇంకా దొరకని పేర్లలో ఎక్కువ భాగం తూర్పు ఐరోపావే, అందులోనూ పిల్లలవి. ఒక కుటుంబం మొత్తం, దాని బంధువులూ ఇరుగుపొరుగూ అంతా ఒకే గోతిలో పోతే పేరు చెప్పడానికి ఎవరు మిగులుతారు? అందుకే యాహద్ ఇన్ ఉనూమ్ అనే ఫ్రెంచ్ సంస్థ 2004 నుంచి ఉక్రెయిన్, బెలారస్, లిథువేనియా వంటి దేశాల పల్లెల్లో తిరుగుతూ, అప్పుడు పిల్లలుగా ఉండి దూరం నుంచి ఇవన్నీ చూసిన ముసలివాళ్లను వెతికి పట్టుకుంటోంది. గొయ్యి ఎక్కడుందో, ఎవరు తవ్వారో, ఆ రోజు ఎవరెవరిని తీసుకెళ్లారో వాళ్ల నోట రికార్డు చేస్తోంది. ఆ సాక్షులకు ఇప్పుడు తొంభై ఏళ్లు దాటాయి.